ముడుల నడుమ: గుర్రపు జూలు అల్లికపై ఒక సంవాదం

గుర్రాన్ని ప్రదర్శన బరిలోకి నడిపించే ముందు దాని జూలును చిన్న చిన్న జడలుగా అల్లి, ఒక్కొక్క జడను మడిచి, మెడ మీద గుండీల వరుసలా కనిపించే ముడులుగా కుట్టే ఆచారం బ్రిటన్, ఐర్లండు దేశాల వేటగుర్రాల సంప్రదాయంతో పెనవేసుకొని పెరిగింది. ఈ పనిని బ్రిటన్‌లో ప్లెయిటింగ్ అనీ, అమెరికాలో బ్రెయిడింగ్ అనీ వ్యవహరిస్తారు. చెవుల వెనుక మొదలై, భుజాల మధ్య ఎత్తుగా లేచే మూపు దాకా సాగే మెడ పైఅంచుకు ఈ వ్యాసంలో మెడగట్టు అనీ, చెవుల నడుమ నుంచి కళ్ళ మీదికి వాలే కుచ్చుకు నుదుటి జూలు అనీ పేర్లు. ప్రదర్శన అంటే పందెం కాదు. గుర్రం అంగసౌష్ఠవాన్నీ, నడకనూ, నడవడినీ న్యాయనిర్ణేత పరిశీలించి శ్రేణి నిర్ణయించే పోటీ అని అర్థం.

ఈ అల్లిక చుట్టూ ఉన్న వాదం పైకి చిన్నదిగా కనిపించినా, మనిషి తన కంటికి నచ్చిన రూపాన్ని జంతువు ఒంటి మీద ఎంతవరకు తీర్చుకోవచ్చు అనే పెద్ద ప్రశ్న అందులో ఉంది. ఇక్కడ వాదించే ఇద్దరిలో అలంకారవాది అల్లికను గుర్రానికి చేసే మర్యాదగా భావిస్తాడు. సహజవాది దాన్ని గుర్రానికి అక్కరలేని మనిషి ముచ్చటగా లెక్కిస్తాడు. ఇద్దరూ గుర్రాలను దగ్గరగా ఎరిగినవారే కావడం వల్ల వాదం త్వరలోనే సూత్రాలను దాటి సూదీ దారాల దాకా వస్తుంది.

అలంకారవాది: బరిలో నిలిచిన గుర్రం తల మెడతో ఎలా కలుస్తుందో, మెడ భుజంలోకి ఎలా దిగుతుందో, మెడగట్టు వంపు తెగకుండా మూపు దాకా సాగుతుందో లేదో చూడకుండా ఏ న్యాయనిర్ణేతా దాని తీరును తూకం వేయలేడు. జూలును కుడివైపుకు వాల్చి ఉంచడం ఆచారం కాబట్టి, విరబోసిన జూలు ఆ వైపు నుంచి చూసేవారికి మెడలో సగాన్ని కప్పేస్తుంది. అల్లిక ఆ తెరను తొలగిస్తుంది. పైగా ఈ పద్ధతికి వేటపొలంలో ఉపయోగం కూడా ఉండేది. పొదలూ కంచెలూ దాటే వేళ జూలు ముళ్ళకు తగులుకోకుండా, రౌతు చేతిలోని పగ్గాలలో చిక్కుకోకుండా అది కాపాడేది. అవసరం నుంచి అందం పుట్టిన ఆచారాలలో ఇది ఒకటి.

సహజవాది: ఆ వేట సంప్రదాయమే మీ మాటను నిలవనివ్వదు. ఇంగ్లండులో శరదృతువులో, వేటకుక్కలకు తర్ఫీదు ఇచ్చే తొలి వేటలకు గుర్రాలు జడలు లేకుండానే వెళ్ళేవి. నవంబరులో లాంఛనంగా వేట ఋతువు మొదలయ్యాకే జూలు అల్లడం మర్యాద అనిపించుకునేది. ముళ్ళపొదలు రెండు కాలాలలోనూ ఉన్నాయి, కంచెలూ రెండు కాలాలలోనూ ఉన్నాయి, పగ్గాలు సరేసరి. ముల్లుకు భయపడి అల్లినవారైతే ఆకులు దట్టంగా ఉన్న తొలి మాసాల్లోనే అల్లి ఉండాలి. కాబట్టి అల్లిక పుట్టుక అవసరంలో ఉందనడం కంటే లాంఛనంలో ఉందనడమే న్యాయం.

అలంకారవాది: ఆ తర్కానికి ఎదురు చెప్పడం కష్టమే. అయినా లాంఛనం అన్నంత మాత్రాన అది తక్కువది కాదు. పండుగనాడు గుమ్మానికి మామిడాకులు కట్టడం వల్ల ఇంటి గోడలు బలపడవు. అయినా ఆ ఇంటివారు ఆ రోజును వేరుగా గుర్తించారని దారిన పోయేవారికి తెలుస్తుంది. అల్లిన గుర్రంతో వచ్చినవారు ఆతిథ్యమిచ్చిన రైతునూ, తోటి రౌతులనూ, న్యాయనిర్ణేతనూ గౌరవించి ముందుగా శ్రమపడి వచ్చారని ఆ జడలు చెబుతాయి.

సహజవాది: గౌరవం మనుషుల మధ్యది, దాన్ని మోసేది గుర్రం. జూలు దేనికి ఉందో మొదట విచారించాలి. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అశ్వవిద్య మీద గ్రంథం రాసిన గ్రీకు రచయిత జెనోఫోన్, జూలునూ తోకనూ నీటితో కడిగి బాగా పెరగనివ్వాలన్నాడు. తోక పొడవుగా ఉంటే ఈగలను అందినంత మేరా తోలుకోగలదనీ, గాడిదకు ఉన్నంత పెద్ద చెవులు లేని గుర్రానికి నుదుటి జూలే కళ్ళకు కాపు అనీ ఆయన భావం. నుదుటి జూలును కూడా ముడిచి కుట్టే అల్లిక ఆ కాపును తీసేస్తుంది.

అలంకారవాది: అదే జెనోఫోన్ మెడ మీది జూలు రౌతు పట్టుకోవడానికి పనికివస్తుందని కూడా అన్నాడు, అంటే ఆయన సైతం జూలును గుర్రం వైపు నుంచి కొంత, మనిషి వైపు నుంచి కొంత చూశాడు. ఇక జూలును తీర్చడం నిన్నమొన్నటి వేడుక కాదు. ఆల్టాయి పర్వతాలలోని పాజిరిక్ సమాధులలో మంచు కాపాడిన గుర్రాలు కత్తిరించిన జూలుతో, అల్లిన తోకలతో బయటపడ్డాయి. చైనాలో తాంగ్ వంశపు తైజాంగ్ చక్రవర్తి సమాధికై 7వ శతాబ్దంలో చెక్కించిన ఆరు యుద్ధాశ్వాల శిల్పాలలో జూలు కుచ్చులు కుచ్చులుగా నిలిచేలా కత్తిరించి ఉంటుంది. గుర్రం మనిషి చేతికి వచ్చిన చోటల్లా దువ్వెన కూడా వచ్చింది.

సహజవాది: పాతదైనంత మాత్రాన మంచిది కాదని మీకూ తెలుసు. ఇంకొక ప్రశ్నకు సమాధానం కావాలి. అరబ్బు గుర్రాలను నేటికీ జూలు విరబోసే ప్రదర్శిస్తారు. బ్రిటన్‌లోని కొండప్రాంతాల, బీడుభూముల దేశవాళీ పోనీలను, అంటే వెల్ష్, డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్ వంటి పొట్టి జాతులను, వాటి తరగతులలో అల్లకుండానే తీసుకువస్తారు. ఆ గుర్రాల మెడలను న్యాయనిర్ణేతలు చూడగలుగుతున్నారు కదా. చూడడానికి అల్లిక అవసరమైతే అక్కడ ఎందుకు అక్కరలేదు?

ఈ ప్రశ్న అలంకారవాదిని తన తొలి వాదాన్ని విడిచిపెట్టేలా చేసింది. మెడ కనిపించడం కోసమే అల్లిక అన్న మాటను ఇక నిలబెట్టలేక, అతడు అల్లికను ఒక భాషగా చూపడానికి పూనుకున్నాడు.

అలంకారవాది: ప్రతి జాతికీ, ప్రతి పనికీ జూలు విషయంలో ఒక వ్యాకరణం ఉంది. అరబ్బుకూ దేశవాళీ పోనీకీ విరబోసిన జూలు వాటి జాతిలక్షణం కాబట్టి దాన్ని ముడవడం తప్పు. కాబ్ అనే బలిష్ఠమైన పొట్టి గుర్రానికి జూలును మొదలంటా గొరిగేస్తారు. ఈ గొరుగుడును హాగింగ్ అంటారు. పోలో ఆడే గుర్రాలకు కర్రా పగ్గాలూ చిక్కుకోకుండా ఇదే చేస్తారు. బరువులు లాగే షైర్ వంటి భారీ గుర్రాలకు జూలు పైభాగంలోని కొన్ని పాయలను మాత్రమే తీసుకొని, రంగు పట్టీలనో రాఫియా అనే తాటినారనో చేర్చి మెడగట్టు వెంట ఒకే జడగా అల్లి, నడుమ నడుమ చిన్న జెండాల్లా నిలిచే అలంకారాలు గుచ్చి, మిగిలిన జూలును వదిలేస్తారు. పొడవైన జూలు గల స్పానిష్ గుర్రాలకు మెడ వెంట సాగే ఒంటి జడ వేస్తారు. వేటగుర్రపు తరగతిలోని గుర్రానికీ, డ్రెస్సాజ్ అనే శిక్షిత విన్యాసాల గుర్రానికీ వరుస ముడులు. చూసిన వెంటనే ఇది ఏ పనికి తీర్చిన గుర్రమో తెలుస్తుంది. తెలుగువారు వధువు పూలజడను చూసి పెళ్ళిని, మడిచి రిబ్బను కట్టిన రెండు జడలను చూసి బడిని గుర్తించినట్టే ఇది కూడా.

సహజవాది: ఆ బడిపిల్ల జడ వేసుకోనని మారాం చేయగలదు; గుర్రం చేయలేదు. అయినా ఇది భాషే అనుకుంటే, ఆ భాష పలికేటప్పుడు గుర్రానికి ఏం జరుగుతుందో చూడాలి. మొదటి నుంచి చివరి దాకా పనిని వరుసగా చెప్పండి. ఎక్కడ అభ్యంతరముందో అక్కడ ఆపడం జరుగుతుంది.

అలంకారవాది: మొదటిది జూలును సమం చేయడం. అల్లికకు అనువైన జూలు సుమారు 4 అంగుళాలు, అంటే దాదాపు 10 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. గుర్రం ఎత్తును కొలిచే హ్యాండ్ అనే కొలత కూడా 4 అంగుళాలే కాబట్టి, అరచేతి వెడల్పంత అని గుర్తుపెట్టుకుంటే చాలు. కత్తెరతో తిన్నగా కత్తిరిస్తే అంచు మొద్దుబారి, పాయలు లావుగా ఉండి ముడి ఉండలా వస్తుంది. అందువల్ల లోపలి పొరలోని పొడవైన వెంట్రుకలను కొద్దికొద్దిగా వేరుచేసి, చిన్న దువ్వెనకు చుట్టి, మొదలంటా లాగి పలచన చేసే పద్ధతి వచ్చింది. దీన్నే పుల్లింగ్ అంటారు.

సహజవాది: ఇక్కడ ఆగాలి. తల పైకెత్తి, చెవులు వెనక్కి వాల్చి, ఒక్కొక్క లాగుడుకూ పక్కకు జరిగే గుర్రం ఏమంటున్నదో వేరే చెప్పనక్కరలేదు.

అలంకారవాది: అన్ని గుర్రాలూ అలా చేయవు, కొన్ని కునుకు కూడా తీస్తాయి. వ్యాయామం తర్వాత చర్మం వెచ్చగా ఉన్నప్పుడు, ఒక్కసారికి నాలుగైదు వెంట్రుకలకు మించకుండా, ఒకే రోజు కాక కొన్ని రోజులకు పంచి చేసేవారు గుర్రాన్ని నొప్పించరు. ఒప్పుకోని గుర్రానికి పలచన చేసే పళ్ళ కత్తులూ, బ్లేడు దువ్వెనలూ ఉన్నాయి. వాటితో కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

సహజవాది: అయితే ఒప్పుకోని గుర్రానికి లాగడం అక్కరలేదని మీరే అంటున్నారు. ఆ మాట ఉండనివ్వండి, ముందుకు సాగవచ్చు.

అలంకారవాది: రెండవది శుభ్రత. జూలును ప్రదర్శనకు ముందురోజు కాక రెండు మూడు రోజుల ముందే కడగాలి. కుంకుడుకాయతో తలంటుకున్ననాడు జడ నిలవదని తెలుగిళ్ళలో ఎరుగనివారు లేరు. గుర్రపు జూలుకూ అదే న్యాయం. అప్పుడే కడిగిన వెంట్రుక జారిపోతుంది, కాస్త సహజమైన జిడ్డు తిరిగి చేరితేనే వేళ్ళకు పట్టు దొరుకుతుంది. మూడవది విభజన. తడి స్పాంజితో జూలును అదిమి, దువ్వెన వెడల్పునే కొలగా తీసుకొని, చెవుల వైపు నుంచి మూపు దాకా సమానమైన భాగాలు చేసి రబ్బరు బ్యాండ్లతో విడదీయాలి. పాత ఆచారం ప్రకారం మెడ మీది ముడులు బేసి సంఖ్యలోనూ, నుదుటి ముడితో కలిపితే సరి సంఖ్యలోనూ ఉంటాయి. అల్లేవారు గట్టి పీట మీద నిలబడాలి. పైనుంచి చూస్తే తప్ప మెడగట్టు మీద పాపిడి తిన్నగా రాదు. నాలుగవది అల్లిక. ప్రతి భాగాన్నీ మూడు పాయలు చేసి, తొలి మడతనే బిగువుగా వేసి, ఆ బిగువు సడలకుండా కొస దాకా రావాలి. జూలు రంగుకు సరిపోయే మైనపు దారాన్ని సగం దిగాక పాయలలో కలిపి అల్లి, కొసన చుట్టి కట్టి, సూదిని జడ మొదట్లో అడుగు నుంచి పైకి గుచ్చి లాగితే జడ సగానికి మడతపడుతుంది. దాన్ని మళ్ళీ మడిచి, రెండు మూడు కుట్లు వేసి, చిన్న ఉండలా బిగిస్తే ముడి పూర్తవుతుంది.

సహజవాది: గుర్రం పక్కన సూది పట్టుకొని నిలబడడంలోని ప్రమాదాన్ని మీరు దాటేశారు. గడ్డి పరిచిన నేల మీద సూది జారితే దాన్ని వెతకడం ఎవరి తరమూ కాదు. అది గిట్టలో దిగవచ్చు, మేతతో నోటిలోకి పోవచ్చు.

అలంకారవాది: అందుకే మొనదేలని సూదిని వాడతారు, ఊడ్చిన గచ్చు మీద గుర్రాన్ని నిలిపి అల్లుతారు, మొదలుపెట్టే ముందూ ముగించాకా సూదులను లెక్కపెడతారు. సూది వద్దనుకునేవారికి చిన్న రబ్బరు బ్యాండ్ల పద్ధతి కూడా ఉంది. పని త్వరగా తెములుతుంది.

సహజవాది: త్వరగా తెములుతుంది, త్వరగా తెంపుతుంది కూడా. రబ్బరును లాగి తీసేటప్పుడు దానితోపాటు వెంట్రుకలు ఊడి వస్తాయి. ఆ సంగతిని చివరికి వదిలి, బిగువు సంగతి మాట్లాడాలి. తొలి మడత మరీ బిగిస్తే వెంట్రుకల మొదట్లో చర్మం గుడారంలా పైకి లేస్తుంది. గుర్రం తల ఎత్తి నిలుచున్నంతసేపూ అది బరిలో వారికి కనిపించదు. గుర్రం తల దించి మేత అందుకోబోయినప్పుడు మెడగట్టు సాగి, ప్రతి ముడీ తన కింది చర్మాన్ని లాగుతుంది. ఆ లాగుడు మూపు దగ్గర అన్నిటికంటే ఎక్కువ. కంచె దాటే గుర్రమైతే మెడ ముందుకు చాచవలసిన క్షణంలోనే ఆ లాగుడు తగులుతుంది.

అలంకారవాది: మంచి చేయి మూపు దగ్గరి చివరి ముడులను కొంచెం వదులుగానే వేస్తుంది. అన్ని ముడులూ అయ్యాక గుర్రం ముందు నేల మీద గుప్పెడు గడ్డి వేసి, అది తల దించి హాయిగా తింటుందా, తల విదిలిస్తుందా అని చూడవచ్చు. విదిలిస్తే ఆ ముడిని విప్పి మళ్ళీ వేయాలి. అల్లిక మీద తీర్పు చెప్పే మొదటి న్యాయనిర్ణేత గుర్రమే అనడానికి అభ్యంతరం లేదు.

సహజవాది: ఈ మాట మొదటే అని ఉంటే సగం వాదం తగ్గేది. ఇక మోసం సంగతి. ముడులను మెడగట్టుకు పైన నిలబెడితే బక్క మెడ నిండుగా కనిపిస్తుంది, కిందికి దించి కుడితే మరీ బలిసిన మెడ తగ్గినట్టు కనిపిస్తుంది. ముడుల సంఖ్య పెంచితే పొట్టి మెడ పొడవుగానూ, తగ్గిస్తే పొడవు మెడ పొట్టిగానూ తోస్తుంది. మెడను చూపడానికే అల్లిక అని మొదలుపెట్టిన వాదం, మసిపూసి మారేడుకాయ చేసే విద్య దగ్గరికి వచ్చి ఆగింది.

అలంకారవాది: బ్రిటన్‌లోని వేటగుర్రాల తరగతులలో న్యాయనిర్ణేత గుర్రాన్ని దూరం నుంచి చూసి వదలడు, స్వయంగా ఎక్కి స్వారీ చేస్తాడు, తర్వాత జీను తీయించి ఒట్టి ఒంటితో నిలబెట్టి చూస్తాడు, చేతిపట్టున నడిపించి చూస్తాడు. ఇన్ని దాటి ముడుల మాయ ఎంతవరకు పారుతుంది?

సహజవాది: జీను తీయిస్తాడు గాని ముడులు తీయించడు.

అలంకారవాది: నిజమే, తీయించడు. అయితే ముడి మెడకు వేలెడు ఎత్తును ఇస్తుందే గాని కండను ఇవ్వదు. గుర్రం నాలుగు అడుగులు నడిచేసరికి కండ ఉన్న మెడ ఏదో, ముడులే ఉన్న మెడ ఏదో బయటపడుతుంది. కాటుక కంటిని పెద్దదిగా చూపినంత మాత్రాన చూపు మెరుగుపడదని అందరికీ తెలుసు; కాటుక పెట్టుకున్నవారిని మోసగాళ్ళని ఎవరూ అనరు.

సహజవాది: కాటుక పోలిక బాగుంది, ఆ గీత ఎక్కడ దాటుతుందో కూడా చెప్పాలి. గుర్రం మూతి చుట్టూ, కళ్ళ చుట్టూ ఉండే పొడవైన గట్టి రోమాలను శుభ్రమైన రూపం కోసం గొరిగేయడం ప్రదర్శనలలో చాలాకాలం సాగింది. అవి ఒట్టి రోమాలు కావు. వాటి మొదళ్ళలో నరాలు దట్టంగా ఉంటాయి, తన మూతి కింద ఉన్నదాన్ని చూడలేని గుర్రానికి అవి చేతివేళ్ళ వంటివి. జర్మనీ 1998లోనే ఈ గొరుగుడును నిషేధించింది. 1921లో ఏర్పడిన అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య, ఎఫ్‌ఈఐ, 2021 జూలై 1 నుంచి స్పర్శరోమాలు తీసిన గుర్రాన్ని తన పోటీలలో అనుమతించడం మానింది. అంతకుముందు రోజు దాకా అదీ మర్యాదే, అదీ వ్యాకరణమే.

అలంకారవాది: ఆ నిషేధం సరైనదే, ఆ గీత కూడా స్పష్టమైనదే. స్పర్శరోమాన్ని తీయడం అంటే ఒక ఇంద్రియాన్ని తీసేయడం. జూలును ముడవడం అంటే ఉన్నదాన్ని కొన్ని గంటలపాటు ఒద్దికగా పెట్టి తిరిగి విడవడం. అదే సమాఖ్య డ్రెస్సాజ్ నియమాలలో తోకకు రిబ్బన్లూ పూలూ కట్టడం నిషిద్ధమన్నది, జూలును తోకను మామూలుగా అల్లడాన్ని మాత్రం అనుమతించింది. తిరిగి యథాస్థితికి రాగలిగింది అలంకారం, రాలేనిది హాని. ఈ పక్షం ఇకమీద ఈ ఒక్క సూత్రం మీదనే నిలబడుతుంది.

సహజవాది: అయితే ఆ కొన్ని గంటలు ఎన్నో చెప్పండి. అమెరికాలో వేటగుర్రాల తరగతులకు ఊలు దారంతో ముప్ఫై, నలభై దాకా సన్నని జడలు వేయడం పరిపాటి. పోటీలు పొద్దున్నే మొదలవుతాయి కాబట్టి కూలికి అల్లే పనివారు రాత్రంతా దీపం వెలుతురులో నిచ్చెన మోసుకుంటూ ఒక గుర్రం నుంచి మరొక గుర్రానికి తిరుగుతారు. గుర్రాలు నిలబడి కునుకు తీయగలవు గాని, కనుగుడ్లు వేగంగా కదిలే గాఢస్వప్న నిద్రకు పడుకోవలసిందే; అర్ధరాత్రి లేపి గంటసేపు నిలబెట్టిన గుర్రం ఏమి నిద్రపోతుంది? తొలి ఝాములోనే అల్లిక ముగిసిన గుర్రం తెల్లవారేలోగా దురదకు గోడకు మెడ రుద్దుకుంటుంది. చివరకు బహుమతి రిబ్బను రౌతుకు, నిద్రలేమి పనివారికీ గుర్రానికీ.

అలంకారవాది: రాత్రి అల్లికను సమర్థించడం ఈ పక్షానికి ఇష్టం లేదు. అలవాటైన చేతికి సుమారు గంటలో అయ్యే పని ఇది. పోటీ రోజు ఉదయం అల్లి, బరి నుంచి తిరిగి రాగానే విప్పడం సాధ్యమైన చోట అదే ధర్మం. సాధ్యం కాని చోట తరగతుల సమయం మార్చుకోవాలి గాని గుర్రం నిద్రను కాదు.

సహజవాది: విప్పడం అన్నారు. మొదటి నుంచి మీరు చెప్పిన పనుల జాబితాలో అది లేదు. సమం చేయడం, కడగడం, విడదీయడం, అల్లడం, కుట్టడం అని అయిదు చెప్పారు, ఆరవదాన్ని మరిచారు. ప్రదర్శన ముగిసిన సాయంత్రం అందరూ అలసి ఉంటారు, బండి ఎక్కాలి, చీకటి పడుతుంది. ఆ తొందరలో కత్తెర తీసుకొని ముడిలోకి దూర్చి కత్తిరిస్తే దారంతోపాటు పాయ కూడా తెగుతుంది. రబ్బరు బ్యాండును గుంజితే వెంట్రుకలు తెగి వస్తాయి.

అలంకారవాది: దర్జీలు కుట్లు విప్పడానికి వాడే చిన్న కొక్కెపు కత్తి ఇందుకు సరైన పనిముట్టు. ముడి అడుగున దారం కనిపించే చోటును వేలితో తడిమి, కొక్కెం మొనను వెంట్రుకలకు సమాంతరంగా పెట్టి, ఒక్క దారాన్నే తెంపాలి. తర్వాత ముడి దానంతటదే జారుతుంది. పాయలను చేతివేళ్ళతో విడదీసి, తడి స్పాంజితో అదిమితే అలల్లా వంకర తిరిగిన జూలు మళ్ళీ తిన్నగా పడుతుంది. నిజమే, ఇది చెప్పకపోవడం ఈ పక్షం లోపమే. అల్లికను నేర్పేవారు కూడా చాలామంది ఇక్కడికి వచ్చేసరికి పాఠం ముగిస్తారు.

సహజవాది: ఆ లోపానికి ఒక సాక్ష్యం మిగులుతుంది. తొందరలో తెగిన వెంట్రుకలు పొట్టిగా, మొద్దుగా మెడగట్టు మీద నిలబడతాయి. అవి జడలోకి ఇమడవు. మరుసటి పోటీకి ఎంత జాగ్రత్తగా అల్లినా ముడికీ ముడికీ నడుమ ముళ్ళలా పైకి లేస్తాయి. అల్లేవారు వాటిని జిగురుతో అణచడానికి చూస్తారు, విసుగుతో కత్తిరించేవారూ ఉంటారు. కత్తిరించినవి మళ్ళీ పొట్టిగా మొలుస్తాయి.

అలంకారవాది: కొత్తగా మొలిచే వెంట్రుకలు కూడా అలాగే పైకి నిలుస్తాయి కదా, వాటిని హానికి గుర్తుగా ఎలా చెబుతారు?

సహజవాది: కొత్తగా మొలిచిన వెంట్రుక కొస సన్నగా, మెత్తగా తేలి ఉంటుంది, తెగిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది. వేలితో తడిమితే తేడా తెలిసిపోతుంది.

అలంకారవాది: సన్నదోమల కాటు సరిపడక కొన్ని గుర్రాలకు వేసవిలో స్వీట్ ఇచ్ అనే దురద వ్యాధి వస్తుంది, అవి రుద్దుకొని రుద్దుకొని జూలును తామే తెంపుకుంటాయి. ఆ గుర్రం యజమానిని నిందించడం అన్యాయం.

సహజవాది: దురద వ్యాధి వచ్చిన మెడ మీద చర్మం కూడా మందమై, పొట్టు రాలుతూ, పుండ్లు పడి ఉంటుంది, ఒట్టి తొందర వల్ల తెగిన జూలు కింద చర్మం బాగానే ఉంటుంది. చూడదలచినవారికి ఆ తేడా కూడా దొరుకుతుంది. అసలు ప్రశ్న చూడదలచడమే. న్యాయనిర్ణేతలు ముడులను లెక్కపెడతారు, అవి ఒకే పరిమాణంలో ఉన్నాయా, ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూస్తారు. ముడి ఈ ఉదయం పని. ముడికీ ముడికీ నడుమ ఉన్న వేలెడు జాగాలో పోయిన ఏడాది సాయంత్రాలన్నీ రాసి ఉన్నాయి.

అలంకారవాది ఈ మాటకు వెంటనే జవాబు చెప్పలేదు. తిరిగి యథాస్థితికి రాగలిగిందే అలంకారం అని తాను పెట్టిన సూత్రానికి ఇంతకంటే సూటి పరీక్ష లేదనీ, దాన్ని కాదంటే సూత్రాన్నే వదులుకోవాలనీ అతనికి తెలుసు.

అలంకారవాది: అయితే ఒక కోరిక. ఆ నడిమి జాగాను చూసే న్యాయనిర్ణేత, అక్కడ ఒక్క తెగిన వెంట్రుకా లేకుండా ముడులన్నీ ఒద్దికగా ఉన్న గుర్రాన్ని చూసినప్పుడు దాన్ని మెచ్చుకోవడానికి సహజవాది అడ్డుపడకూడదు.

సహజవాది: అటువంటి గుర్రం వెనుక ఓపిక గల చేయి ఉందని అర్థం. ఆ చేతిని మెచ్చుకోవడానికి అభ్యంతరం లేదు. అయినా ఆ గుర్రాన్ని జూలు విప్పాకే చూడాలన్నది ఈ పక్షం కోరిక.

ఇద్దరూ పూర్తిగా ఏకీభవించారని చెప్పడానికి వీలులేదు. అలంకారవాది అల్లికను వదలలేదు, సహజవాది దాని అవసరాన్ని ఒప్పుకోలేదు. అయితే వాదం మొదలైనప్పుడు ఇద్దరి చూపూ ముడుల మీదనే ఉంది. ఒకరికి అవి శోభ, మరొకరికి అవి నిర్బంధం. వాదం ముగిసేసరికి ఇద్దరి చూపూ ముడుల నడుమకు, అల్లినప్పటి నేర్పు కంటే విప్పినప్పటి ఓపిక ఎక్కువగా కనిపించే చోటికి మళ్ళింది. పీట ఎక్కి తడి స్పాంజితో పని మొదలుపెట్టిన చేయి, సాయంత్రం అదే పీట ఎక్కి అదే స్పాంజితో ముగించినప్పుడే పని పూర్తయినట్టు. చివరి దారం తెగి, తలకట్టు వదులై, గుర్రం మెడను ఒక్కసారి బలంగా విదిలించి తల నేలకు దించి మేతను అందుకుంటుంది. అప్పటికి బరిలో దీపాలు ఆర్పేసి ఉంటారు.